పరీక్షకెళ్ళే డబ్బాలు

మూడో కాంక్రీటు దిమ్మె కూడా ల్యాబు మిషను కింద పగిలాక అన్వర్ కాగితం మీద అంకెలు వేసి, "స్వీట్లు పంచండి మేడమ్. మీ శ్లాబు ఫస్టు క్లాసులో పాసయింది" అన్నాడు.

సిద్దికా కాగితం అందుకుంది. ముప్పై ఏడు, ముప్పై ఆరున్నర, ముప్పై ఏడు. ఆమెకు నవ్వు రాలేదు. కొత్తగా కడుతున్న స్కూలు గదుల శ్లాబుకు ఇరవై వస్తే చాలు. ఇరవై అయిదు వస్తే మంచి కాంక్రీటని గొప్పగా చెప్పుకుంటారు. పల్నాటి ఎండలో కంకర కలిపే మిల్లరు తిప్పి, ఆడవాళ్ళు ఇనప తట్టలతో మోసి పోసిన కాంక్రీటుకు ముప్పై ఏడు రావడమంటే, ఏటా అత్తెసరు మార్కులతో నెట్టుకొచ్చే పిల్లవాడికి ఉన్నట్టుండి నూటికి తొంభై తొమ్మిది వచ్చినట్టు. ఏ టీచరుకైనా ముందు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది.

"వేరే సైటు దిమ్మెలు ఇందులో కలిసిపోలేదు కదా?"

"తేదీ, ఊరిపేరు దిమ్మె మీదే ఉన్నాయి గదండీ. తక్కువొస్తే నన్నడగాలి గానీ, ఎక్కువొచ్చినా నన్నే అడిగితే ఎట్టా?" అన్వర్ చీపురు తీసుకుని ముక్కలు ఊడవసాగాడు.

ఆమె పని ఇదే. ప్రభుత్వ కట్టడాల్లో కంట్రాక్టరు చేసిన పని సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పే కంపెనీలో ఇంజనీరు. శ్లాబు పోసే రోజు అదే కాంక్రీటులోంచి కొంత తీసి ఇనప డబ్బాల్లో నింపుతారు. అది గట్టిపడ్డాక దిమ్మెను ఇరవై ఎనిమిది రోజుల వరకు నీళ్ళలో ఉంచి, మంగళగిరి ల్యాబుకు తెచ్చి నలగ్గొడతారు. అది ఎంత బరువుకు పగిలితే శ్లాబు అంత గట్టిదని లెక్క. కట్టిన శ్లాబును పగలగొట్టి చూడలేం కాబట్టి దాని తరఫున దిమ్మె సాక్ష్యం చెబుతుంది. సాక్ష్యం మరీ నున్నగా ఉంటే సిద్దికాకు మింగుడుపడదు.

పైఅధికారి చెంచయ్య గారికి ఫోన్ చేసింది.

"పాసయిందిగా? సోమవారానికి సంతకం పెట్టి ఇచ్చెయ్. జూన్‌లో స్కూలు తెరిచేలోపు పై అంతస్తు కూడా లేపాలని ఒకటే గొడవ."

"పాసవడం కాదు సార్, మరీ పాసయింది."

"మరీ పాసవడమేంటమ్మా!" అని ఆయన గట్టిగా నవ్వాడు.

ఆమె సంతకం పెడితే ఆ శ్లాబు మీద ఇంకో అంతస్తు లేస్తుంది. కింద రెండు గదుల్లో నూటపాతిక మంది పిల్లలు కూర్చుంటారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కూడా సిద్దికా అదే ఆలోచిస్తుంటే, వాళ్ళమ్మ జైతున్‌బీ కంచంలోకి రెండోసారి పప్పు వేసి, కూతురు గమనించలేదని మళ్ళీ తనే కలిపి పెట్టింది.

గురువారం పొద్దున సత్తెనపల్లిలో బస్సు దిగి ఆటో ఎక్కింది. స్కూలు కడుతున్న నల్లగుంటపాడు అక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. దారికి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. ఆడవాళ్ళు మూతికి గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. ఆటో డ్రైవరు తుమ్ముతూనే నడిపాడు.

కంట్రాక్టరు శ్యామ్ సుందర్ గేటు దాకా ఎదురొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు ఫోన్లు. తన తువాలుతోనే కుర్చీ తుడిచి, "చెప్పా పెట్టకుండా వచ్చారేంది మేడమ్ గారూ? కూర్చోండి. కొబ్బరి బోండం కొట్టిస్తా" అన్నాడు.

"వద్దండీ. నీళ్ళు తెచ్చుకున్నాను."

ఇంత మర్యాద ఎందుకో అనుకుంది. నిజానికి అతను మొదటి రోజు నుంచీ అంతే మర్యాదగా ఉన్నాడు. అప్పుడు అది మర్యాదలాగే కనిపించింది.

ముందు ఖాళీ సిమెంటు సంచులు లెక్కపెట్టింది. శ్లాబుకు ఎన్ని పట్టాలో సరిగ్గా అన్నే ఉన్నాయి. ఒక్కటి తగ్గినా ఆమె మనసు కుదుటపడేది. అన్నీ సరిపోయేసరికి, సంచులు కూడా సర్ది పెట్టారేమోనని ఇంకో అనుమానం పుట్టింది. అనుమానం ఒకసారి మొదలైతే దానికి మేత దొరకని చోటుండదు.

తర్వాత గదిలోకి నిచ్చెన వేయించింది. తట్టలు మోసే అంకమ్మ కింద పట్టుకుంది. సిద్దికా నిచ్చెనెక్కి శ్లాబు అడుగును రాయితో రుద్ది, స్ప్రింగు సుత్తిని ఆనించి నొక్కింది. అది టక్కుమని కొట్టి వెనక్కొచ్చి ఒక అంకె చూపిస్తుంది. ఒక్కో చోట పది దెబ్బలు, అలా ఆరు చోట్ల. చెమట కంట్లో పడుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ అంకెలు రాసుకుంది. దిగి పట్టికలో చూసుకుంటే పదహారు, పదిహేడు దగ్గరే ఆగింది.

దిమ్మె ముప్పై ఏడు. శ్లాబు పదిహేడు. ఈ రెండూ ఒక తల్లి బిడ్డలు కావు.

కొందరు కంట్రాక్టర్లు మంచి దిమ్మెలు వేరేచోట పోయించి దాచుకుంటారని ఆమెకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలిసింది. శ్యామ్ సుందర్ ఫోన్లో మాట్లాడుతూ తన వైపే చూస్తుండటం గమనించింది. 'దొరికావు' అనుకుంది.

గుమ్మం దగ్గర తాపీ కడుక్కుంటున్న మేస్త్రీ క్రీస్తుదాసు లేచి నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. సిమెంటుకు చేతివేళ్ళు పగిలి తెల్లగా ఉన్నాయి.

"మన దిమ్మెలు ఎంతొచ్చినయ్యమ్మా?"

"ముప్పై ఏడు."

ముసలాయన మొహం విప్పారింది. "నా చేతి డబ్బా ఇంతవరకు తప్పింది లేదు తల్లీ" అన్నాడు.

ఇది కూడా నేర్పించిన మాటే అయ్యుంటుందని సిద్దికా అనుకుంది.

శుక్రవారం మంగళగిరి నుంచి కోత మిషను తీసుకొచ్చింది. శ్లాబులోకి గొట్టం దింపి, చెరుకు ముక్కలా గుండ్రటి ముక్క బయటికి తీసే మిషను. సుత్తి అంకెలు చూశాక చెంచయ్య గారు కాదనలేకపోయారు.

శ్యామ్ సుందర్ గొంతు మొదటిసారి మారింది. "పాసయిన శ్లాబుకు బొక్కలు పెట్టటం ఏ రూల్లో ఉంది మేడమ్?"

"అనుమానం ఉంటే తియ్యొచ్చని రూల్లోనే ఉంది."

"అనుమానం దేనికి? తక్కువొచ్చిందా?"

"ఎక్కువొచ్చింది."

అతను పనివాళ్ళకు వినపడకుండా దగ్గరికొచ్చి, "నాకు తిరుగుడు మాటలు అర్థం కావు. మీకేం కావాలో నేరుగా చెప్పండి" అన్నాడు. సిద్దికాకు ఒళ్ళు మండిపోయింది. శ్లాబు మీదికెక్కింది.

మిషను రొదకు పక్క బడిలో పాఠాలు ఆగిపోయాయి. బూడిదరంగు నీళ్ళు శ్లాబు అంచుల వెంట కారాయి. మూడు ముక్కలు బయటికొచ్చాయి. వాటి ఒంటి నిండా సన్నని చిల్లులు. కంకరరాళ్ళు అక్కడక్కడా సిమెంటు అంటక పళ్ళు బయటపెట్టాయి. క్రీస్తుదాసు మోకాళ్ళు పట్టుకుని వచ్చి, కోసిన గుంట పక్కన కూర్చుని, వేలు లోపలికి పెట్టి చుట్టూ తడిమి చూశాడు. మేస్త్రీకి తెలియకుండా ఇంత పని జరగదని సిద్దికా అతన్ని కూడా దొంగల జాబితాలో వేసుకుంది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు అంకమ్మ ఒక కవరు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. లోపల మంగళగిరి చీర. నిజాం అంచు, చెయ్యి వేస్తే జారిపోయే నేత.

"సారు ఇమ్మన్నారండీ. రంజాను పండక్కి ఇద్దామని మర్చిపోయారంట."

"తీసుకెళ్ళి ఇచ్చెయ్యి అంకమ్మా."

"అట్టా కాదండీ, నన్ను తిడతారు."

"నేనే పంపించానని చెప్పు."

ఇక సందేహం లేదనుకుంది. తప్పు చేయనివాడు చీర ఎందుకు పంపుతాడు? అటు శ్యామ్ సుందర్, కవరు తిరిగి రావడం చూసి, ఈ పిల్లకు చీర చాలలేదని లెక్క వేసుకున్నాడు. అతను చూసిన ఇంజనీర్లలో ఏమీ ఆశించకుండా తప్పు పట్టినవాళ్ళు ఎవరూ లేరు. అలా ఇద్దరూ ఒకరినొకరు దొంగ అనుకుంటూ సాయంత్రం దాకా ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు.

సోమవారం పొద్దున అన్వర్ ఈసారి స్వీట్ల మాట ఎత్తలేదు. కాగితం తిప్పి ఆమె ముందు పెట్టాడు. పదమూడున్నర, పద్నాలుగు, పద్నాలుగు.

సిద్దికా ఎవరికీ ఫోన్ చేయకుండా బస్సెక్కింది. దారి పొడవునా శ్యామ్ సుందర్‌ను ఏమని అడగాలో మాటలు పేర్చుకుంటూనే ఉంది. స్కూలు దగ్గర ఆటో దిగేసరికి మిల్లరు చప్పుడు వినిపించింది. వెనకవైపు మరుగుదొడ్ల గదులకు చిన్న శ్లాబు పోస్తున్నారు. అది కూడా ఇరవై రావాల్సిందే, దానికీ డబ్బాలు నింపాల్సిందే. మధ్యాహ్నం రమ్మని ఆమెకు కబురు పెట్టారు. ఆమె పదింటికే వచ్చింది. ఇటుకల వరస వెనక ఆగి, కనపడకుండా నిలబడింది. దొంగను పట్టుకోవాలంటే ఇదే సమయమనుకుంది.

"ఇంకాస్త నీళ్ళు కొట్టండయ్యా, తట్టకు అంటుకుంటంది!" అంకమ్మ అరిచింది. మిల్లరు దగ్గరున్న మనిషి పైపును లోపలికి వదిలి ఇటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. కాంక్రీటు మజ్జిగ పులుసులా జారింది. ఆడవాళ్ళ తట్టలు తేలికగా ఖాళీ అయ్యాయి గానీ, నీళ్ళెక్కువైన కాంక్రీటుకు గట్టిదనం ఉండదు. శ్లాబు ఎందుకు చచ్చిందో సిద్దికాకు అక్కడికక్కడే తెలిసిపోయింది. దొంగతనం కాదు, నీళ్ళు.

మరి దిమ్మెలు?

క్రీస్తుదాసు వేపచెట్టు నీడన గోనెపట్టా పరిచాడు. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాడు. ఆరు ఇనప డబ్బాలు తుడిచి, లోపల వేలితో నూనె రాశాడు. నీళ్ళు పడక ముందు తీయించి పెట్టిన కాంక్రీటును పట్టా మీద పోసుకుని, లావు కంకర ఒక్కొక్కటే ఏరి పక్కన పడేశాడు. మూత ఉన్న డబ్బాలోంచి జల్లెడ పట్టిన సిమెంటు రెండు దోసిళ్ళు తీసి చల్లాడు. ముద్దలు లేకుండా చేత్తో కలిపాడు. మూడు వరసలుగా నింపుతూ, ఒక్కో వరసను కడ్డీతో కుమ్ముతూ, పెదాలు కదుపుతూ ముప్పై అయిదు లెక్కపెట్టాడు. చివరికి తాపీతో పైన అద్దంలా నున్నగా చేసి తడిగోనె కప్పాడు.

ఇదంతా అందరి కళ్ళ ముందే చేశాడు. శ్యామ్ సుందర్ అటు చూడను కూడా లేదు, నీళ్ళ ట్యాంకరు రాలేదని ఫోన్లో ఎవరినో తిడుతున్నాడు. దాపరికమన్నది ఎక్కడా లేదు. నాలుగు రోజులుగా పెంచి పోషించిన అనుమానం ఎక్కడ వాలాలో తెలియక సిద్దికా ఇటుకల వెనక నుంచి బయటికొచ్చింది.

"సిమెంటు ఎందుకు కలిపారు మేస్త్రీ గారూ?"

క్రీస్తుదాసు తడబడలేదు. "వచ్చావా తల్లీ! నువ్వొచ్చేసరికి అయిపోవాలని తొందరపడతన్నా. ఇయ్యి పరీక్షకెళ్ళే డబ్బాలు గదా."

"పరీక్షకెళ్తే?"

"తొలి పంటని మందిరంలో ప్రథమ ఫలంగా ఇచ్చేటప్పుడు చేలో చేతికందిన కాయల్లా ఇయ్యం గదమ్మా. ఏరి, తుడిచి, మేలైనయ్యి తీసకెళ్ళి దేవుడి ముందు పెడతాం. ఇదీ అంతే. మన చేతిలోంచి పైకెళ్ళేది."

"మిర్చి యార్డుకి మచ్చు తీసకెళ్ళేటప్పుడు తాలుకాయలు తీసకెళ్తారా ఏంది మేడంగారూ?" అంది అంకమ్మ, తట్ట నెత్తి మీదే పెట్టుకుని, ఇంత చదివి ఈ మాత్రం తెలియదా అన్నట్టు.

"ఇలా చెయ్యమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాల? ముప్పై ఏళ్ళుగా నా పద్ధతే ఇది."

"డబ్బాలు దేనికో ఎవరూ చెప్పలేదా?"

"పరీక్షకని చెప్పారు."

"ఎవరికి పరీక్ష?"

"మేస్త్రీకి" అన్నాడు క్రీస్తుదాసు. "చెయ్యి మంచిదా కాదా చూసేదానికి."

సిద్దికా పట్టా అంచున కూర్చుంది. కోప్పడాలంటే కోపం రాలేదు, ఏడుపొచ్చినట్టయింది. పరీక్ష మేస్త్రీకి కాదని, ఆ డబ్బాలో ఉన్నదీ శ్లాబులో ఉన్నదీ ఒకటే అయితేనే ఆ పరీక్షకు అర్థమని, చిన్న పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. లావు కంకర తీయకూడదు, సిమెంటు కలపకూడదు, ఎలా ఉన్నది అలా నింపాలి అంది. కాగితం తీసి మూడు అంకెలూ చదివింది.

"పద్నాలుగా" అన్నాడు క్రీస్తుదాసు. తాపీని నీళ్ళ బకెట్లో వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేశాడు.

శ్యామ్ సుందర్ వచ్చి కాగితం లాక్కుని చదివాడు. చదువుతుంటేనే మొహం పాలిపోయింది. "నాకు తెలియదు మేడమ్. నా పిల్లల మీద ఒట్టు, నాకు నిజంగా తెలియదు. సిమెంటు సంచి ఒక్కటి పక్కకు పోనీయలా!" అన్నాడు. సిద్దికా నమ్మింది. అతని మాట నమ్మడం ఇదే మొదటిసారి. అతను మేస్త్రీ మీదికి తిరిగాడు. "ఎంత పని చేశావు క్రీస్తుదాసూ! నా కొంప ముంచావు గదయ్యా!"

"ఆయన్ననకండి. మిల్లరులో నీళ్ళకు కొలత పెట్టించాల్సింది మీరు."

"సరే, నాదే తప్పు. మరి ఆ రోజు డబ్బాలు నింపేటప్పుడు మీరు పక్కనే ఉన్నారు గదా మేడమ్? రిజిస్టర్లో మీ సంతకం ఉంది. మీ కళ్ళ ముందే కలిపాడుగా? అప్పుడెందుకు ఆపలా?"

సిద్దికా నోరు తెరిచేలోపే క్రీస్తుదాసు అడ్డం వచ్చాడు. ఆమె కోసమే వచ్చాడు.

"అమ్మనెందుకు అంటావయ్యా? ఆ రోజు అమ్మ ఉపవాసం. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఎండలో నిలబడి కళ్ళు తిరిగి కూలబడితే, నేనే పంతులమ్మగారి గదిలో ఫ్యాను కింద పడుకోబెట్టించా. డబ్బాల సంగతి నేను చూసుకుంటాలే తల్లీ అని నేనే చెప్పా. అమ్మ అక్కడ లేనే లేదు. అమ్మ తప్పేం లేదు."

అది నిజం. ఆ సాయంత్రం లేచి, బస్సుకు వేళవుతోందని రిజిస్టరు అడిగి, 'నా సమక్షంలో నింపారు' అన్న గడిలో సంతకం పెట్టింది. అబద్ధం ఆడుతున్నానని ఆమెకు అప్పుడు తోచలేదు. ఆ గడి అలా నింపేదేనని అనుకుంది. నాలుగు రోజులుగా సంచుల్లో, సుత్తిలో, చీరలో, ముసలాయన నవ్వులో అబద్ధం కోసం వెతికింది. ఈ మొత్తం వ్యవహారంలో కాగితం మీదున్న అబద్ధం ఒక్కటే, అది తన చేతిరాత.

పక్కకెళ్ళి చెంచయ్య గారికి ఫోన్ చేసి ఏదీ దాచకుండా చెప్పింది.

"చూడమ్మా, శ్లాబు ఫెయిలని రాయి, నేను ఆపను. మేస్త్రీ మోసం చేశాడని రాయి. కంట్రాక్టరుకు నోటీసిద్దాం. నువ్వు అక్కడ లేవన్న ముక్క మాత్రం ఎందుకు? ఒక్క ముక్క వదిలెయ్. ఆ ముక్క రాస్తే నీ ఉద్యోగం నేను కాపాడలేను."

"అది వదిలేస్తే ఆయన మోసం చేసినట్టవుతుంది సార్."

"చేశాడుగా!"

"నేను అక్కడే ఉండుంటే సిమెంటు డబ్బా తీస్తుండగానే ఆపేదాన్ని. రెండు నిమిషాల పని" అంది సిద్దికా. ఆయన ఇంకా ఏదో అంటుండగా, తర్వాత చేస్తానని పెట్టేసింది.

బడి వరండాలో బల్ల మీద కూర్చుని రాసింది. శ్లాబు మీద పై అంతస్తు వేయడానికి వీల్లేదని, కింది గదుల్లోకి పిల్లల్ని పంపకూడదని రాసింది. నీళ్ళ సంగతి, డబ్బాల సంగతి రాసింది. చివర, 'దిమ్మెలు పోసే సమయంలో నేను అక్కడ లేను. ఉన్నట్టుగా సంతకం చేశాను' అని రాసి కింద తన పేరు పెట్టింది.

క్రీస్తుదాసు వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అతని పేరు ఉంది కాబట్టి రాసిందంతా అతనికి చదివి వినిపించింది. చివరి వాక్యం దగ్గర అతను తలెత్తి, "అది ఎందుకమ్మా?" అన్నాడు.

"జరిగింది కదా మేస్త్రీ గారూ."

అతను తన పగిలిన వేళ్ళ మీది సిమెంటు గీక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మరి ఇంతకు ముందు నేను పోసిన డబ్బాలో తల్లీ?"

సిద్దికా అంతవరకు ఆలోచించలేదు. "అప్పుడు ఇంజనీర్లు పక్కన ఉండేవాళ్ళు కాదా?"

"ఎందుకుండరు? మంచోళ్ళే. నీలాగే ఎండకు ఓర్చుకోలేక నీడన కూర్చునేవాళ్ళు. నేను నింపింతర్వాత వచ్చి సంతకం పెట్టేవాళ్ళు."

ఆమె ఇంకో తెల్లకాగితం తీసింది. "ఏమేం కట్టారో చెప్పండి. గుర్తున్నవన్నీ చెప్పండి."

అతను వేళ్ళు మడుస్తూ చెప్పాడు. ఒక ఊళ్ళో పంచాయతీ ఆఫీసు, ఇంకో ఊళ్ళో ఆస్పత్రిలో కాన్పుల గది, రెండు అంగన్‌వాడీలు, పశువుల ఆస్పత్రి, మంచినీళ్ళ ట్యాంకు. ఏడాది గుర్తురాని చోట, పత్తికి పురుగు పట్టిన ఏడు అనో, మిర్చికి రేటు పలికిన ఏడు అనో చెప్పాడు. ఆమె రాస్తూ పోయింది. కాగితం ఒక వైపు నిండిపోతే తిప్పింది.

ఆ తర్వాత అతను వేలు సగం మడిచి ఆపాడు.

"ఇంకా?"

"ఆడపిల్లల హాస్టలు. మా మనవరాలు మహిమ ఇప్పుడు అందులోనే ఉంటంది, ఎనిమిదో తరగతి." అతను ఆ వేలు కూడా మడిచాడు. "మన పిల్లలు పడుకునేది గదా అని, ఆ డబ్బాలు అన్నిటికన్నా శ్రద్ధగా పోశానమ్మా."